ఉల్లాసం నిరూపించబడలేదు

ఆ దేశం పేరు చెప్పను. చెబితే అక్కడికి వెళ్దామనుకునేవాళ్ళు మానుకుంటారు. మానుకోవలసినంత తప్పు వాళ్ళు చెయ్యలేదు. తప్పులో పెద్ద వాటా నాదే. అది ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు భుజంగరావు. నరసరావుపేట సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరి, అదే ట్రెజరీలో అధికారిగా రిటైరయ్యాను. నేను పాస్ చేసిన కాగితాల కన్నా తిప్పి పంపిన కాగితాలు ఎక్కువ. ఒకసారి ఒక పెన్షనరు కుడి చేతికి కట్టు కట్టుకుని వచ్చి, వంకర సంతకం పెట్టాడు. పాత సంతకంతో సరిపోలేదు. ఆ చెయ్యి ఆయనదేనని డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నాను. తెచ్చాడు. దాని కింద డాక్టరు సంతకం నాకు నచ్చలేదు. ఇలా చేసినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు. పైగా రిటైర్మెంటు సభలో "నిబంధనలకు నిలువెత్తు రూపం" అని శాలువా కప్పారు. అది పొగడ్త అనే అనుకున్నాను.

మా ఆవిడ హైమవతి బాలికల హైస్కూల్లో భూగోళం టీచరు. ముప్పై ఒక్క ఏళ్ళు, ఏటా ఎనిమిదో తరగతికి, బ్లాక్‌బోర్డు మీద హిమానీనదం బొమ్మ వేసింది. తెల్ల సుద్దతో మంచు, నీలం సుద్దతో పగుళ్ళు. బయట నలభై మూడు డిగ్రీల ఎండలో పల్నాటి పిల్లలు ఆ బొమ్మను నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళుట. ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగిందిట. "చూస్తాను," అందిట ఈవిడ. ఆ మాట ఇంటికొచ్చి నాకు చెప్పింది. ఎప్పుడైనా ఎటైనా వెళ్దామండీ అనేది. ఎప్పుడడిగినా నాకు మార్చి నెలాఖరు పనులుండేవి. నా మార్చి సాధారణంగా జులై దాకా సాగేది.

ఆవిడా రిటైరయ్యాక నాకు కాస్త సిగ్గేసింది. హిమానీనదం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తానని మాటిచ్చాను. ఇంటర్నెట్లో వెతుకుతుంటే, ఆ దేశపు రైల్వేవారి "ఉల్లాస యాత్రా దంపతుల పాసు" కనిపించింది. విదేశీ యాత్రికులకు మాత్రమే. ఒకే కాగితం మీద ఇద్దరి పేర్లు, నాలుగు రోజులు ఎక్కడికైనా తిరగొచ్చు. నాలుగో రోజు కొండ రైలెక్కి హిమానీనదం అంచుదాకా వెళ్ళొచ్చు. కొండ రైలుకి విడిగా టికెట్లు అమ్మరు. పాసు ఉన్నవాళ్ళకే సీటు. మేము వెళ్ళే వారం తర్వాత మంచు కమ్మి ఆ దారి వసంతం దాకా మూసేస్తారు.

పాసుతో పాటు నలభై ఆరు పేజీల నిబంధనల పుస్తకం వచ్చింది. చేతికందగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వారం రోజులు కూర్చుని, ఎర్రసిరాతో గీతలు పెట్టుకుంటూ చదివాను.

"అంతా చదివేశారా?" అంది హైమ.

"రెండుసార్లు. ఆ రైల్వే వాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా చదివుండరు."

"హిమానీనదం గురించి ఏం రాశారు?"

"దాని గురించేం లేదు. ఎక్కేటప్పుడు ఎడమ వైపు నుంచి ఎక్కాలని ఉంది."

విమానం దిగిన మర్నాడు ఉదయం పాసు మీద ముద్ర వేయించుకోవడానికి పెద్ద స్టేషనుకి వెళ్ళాం. ముద్ర పడితేనే పాసు చెల్లుతుంది. కౌంటరులో ఒక చిన్న ఫారం ఇచ్చారు. పేరు, పాస్‌పోర్టు నంబరు, చివర ఒకే ఒక్క గడి: ప్రయాణ ఉద్దేశం. మా ముందున్న జంట ఆ గడిలో ఒక్క మాట గిలికి, ముద్ర వేయించుకుని, చేతులు పట్టుకుని వెళ్ళిపోయింది. తొంగి చూశాను. "విహారం" అని రాశారు.

ఆఫీసు కాగితాన్ని ఇంత తేలిగ్గా చూస్తారా అనిపించింది. నేను కలం మూత తీసి, గడి చాలక పక్క మార్జినులోకి కూడా వెళ్ళి, ఇలా రాశాను: "విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయిని అగు భార్యకు తోడుగా, హిమానీనదమును ప్రత్యక్షముగా పరిశీలించు నిమిత్తము."

"చూడ్డానికొచ్చాం అని రాస్తే సరిపోదా అండీ?" అంది హైమ.

"నీకు తెలీదు. ఆఫీసు కాగితం ఎంత వివరంగా ఉంటే అంత మంచిది."

కౌంటరు అమ్మాయి దాన్ని మూడుసార్లు చదివింది. లేచి లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు వాల్డెన్. బట్టతల, మెడకు తాడుతో వేలాడే కళ్ళద్దాలు, ఇస్త్రీ చెదరని కోటు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. కానీ దాన్ని మన ఆఫీసు తెలుగులోకి మార్చుకుంటే తప్ప నాకు ఆ రుచి అందదు. అందుకని అలాగే చెబుతాను.

"తమరి దరఖాస్తు పరిశీలించబడినది," అన్నాడు. "ఉద్దేశపు గడియందు 'పరిశీలన' అని ఉన్నది. పరిశీలన అనగా అధ్యయనం. అధ్యయనం అనగా పని. పదిహేడవ నిబంధన ప్రకారం ఈ పాసు ఉల్లాసమే ఏకైక ఉద్దేశముగా ప్రయాణించువారికి మాత్రమే వర్తించును."

"ఉల్లాసం కోసమేనండీ," అన్నాను.

"అటుల రాయలేదు. పైగా తమరు 'తోడుగా' అని రాసినారు. తోడు వచ్చుట విధి. విధి ఉల్లాసం కాదు."

"పొరపాటైంది. ఆ ఫారం చింపేసి ఇంకోటి ఇప్పించండి, విహారం అని రాసిస్తాను."

వాల్డెన్ నా వైపు జాలిగా చూశాడు. "రాయబడినది రాయబడినదే. దానిని మార్చిన యెడల, ముందు రాసినది ఎందుకు రాసినారని విచారణ జరుపవలసి వచ్చును."

ఆ వాక్యం వినగానే నా వెన్నులో జలదరింపు పుట్టింది. కోపంతో కాదు, గౌరవంతో. అచ్చం అదే వాక్యాన్ని నేను కొన్ని వందల మందితో అన్నాను. ఇంత దూరం వచ్చి నా మాటనే ఇంకొకరి నోట వింటానని అనుకోలేదు. కిటికీకి ఇవతల వైపు నిలబడితే అదెలా వినిపిస్తుందో మొదటిసారి తెలిసింది. బాగుండదు.

చివరకు వాల్డెన్ ఒక దారి చూపించాడు. పాసు మీద తాత్కాలిక ముద్ర వేస్తారు. మూడు రోజులు మేము తిరగొచ్చు. ఆ మూడు రోజులూ రైల్లో కండక్టరు మమ్మల్ని గమనించి, మాలో ఉల్లాసం ఉందో లేదో అనుబంధ పత్రంలో రాస్తుంది. నాలుగో రోజు ఉదయం కొండ కింది స్టేషన్లో ఉల్లాస నిర్ధారణ మండలి కూర్చుని తేలుస్తుంది. తేలితే కొండ రైలెక్కొచ్చు.

"మరొక్క సంగతి," అన్నాడు వాల్డెన్. "ఇది దంపతుల పాసు. ఇద్దరిలో ఏ ఒక్కరిలో ఉల్లాసము లోపించినను పాసు ఇద్దరికినీ చెల్లదు."

బయటికి వచ్చాక హైమ, "ఉల్లాసంగా ఉండటం ఎంతసేపండీ, నేనుంటాగా," అంది. ఆవిడ తన గురించే మాట్లాడుతోంది. నా గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

మాకు కేటాయించిన కండక్టరు పేరు మార్తా. యాభై దాటిన మనిషి, పొడుగ్గా ఉంటుంది, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంటుంది. మొదటి రోజు రైలు కదలగానే వచ్చి మా ఎదుటి సీట్లో కూర్చుని, పెన్సిలు తీసింది. హైమ అప్పటికే కిటికీకి ముక్కు ఆనించి, "అదిగో, ఆ లోయ చూడండి, యూ ఆకారంలో ఉంది! మంచు దొర్లి దొర్లి అలా చెక్కింది!" అంటోంది. మార్తా చిన్నగా నవ్వి ఏదో రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

"మీకు ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి ముఖం?"

"అది ఎప్పుడూ అలాగే ఉంటుందండీ."

"ముఖము తటస్థముగా ఉన్నది" అని నాకు కనబడేలాగే రాసింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఆవిడ రాయడం ముగించింది. నిద్రపోతూ చేసే ప్రయాణం రవాణా కిందికి వస్తుందిట, యాత్ర కిందికి రాదట.

రెండో రోజు పొద్దున్నే హోటలు గదిలో అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేశాను. పెదవులు ఎంత వెడల్పు చెయ్యాలో, పళ్ళు ఎన్ని కనబడాలో చూసుకున్నాను. హైమ మంచం మీద కూర్చుని నన్ను చూస్తూ కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మో, చాలండీ! మీరలా నవ్వితే మా క్లాసులో పిల్లలు ఏడ్చేస్తారు." ఆ నవ్వు చూడ్డానికి మార్తా అక్కడ లేకపోయింది.

రైల్లో ఆ నవ్వునే రెండు గంటలు ముఖాన నిలబెట్టాను. దవడలు పీక్కుపోయాయి. మార్తా రాసింది: "దంతబాధ కావచ్చును." తర్వాత ఒక జలపాతం వచ్చింది. పెట్టెలో వాళ్ళందరూ ఒక్కసారి లేచి "ఆహా!" అన్నారు. నేను ఆ సమయంలో నిబంధనల పుస్తకంలో, ఉల్లాసాన్ని ఎలా వ్యక్తం చెయ్యాలో చెప్పే పేజీ వెతుకుతున్నాను. దొరకలేదు. గబగబా తలెత్తి నేనూ "ఆహా!" అన్నాను. అప్పటికి రైలు సొరంగంలో ఉంది. మార్తా పెట్టెలో దీపం వెలుతుర్లోనే రాసుకుంది: "చీకటిని చూసి ఆహా అన్నారు. కారణము తెలియలేదు."

ఆ మధ్యాహ్నం హైమ మీద కూడా ఒక వాక్యం పడింది. ఆవిడ ఒక చిన్న నోటుపుస్తకంలో లోయల బొమ్మలు గీసుకుంటోంది. "నోట్సు రాసుకొనుచున్నారు. అధ్యయనమేమోనని అనుమానము. అయితే రాసుకొనుచు కూనిరాగం తీయుచున్నందున ఉల్లాసముగా పరిగణించడమైనది."

మూడో రోజు రైలు ఒక పెద్ద సరస్సు పక్కగా వెళ్తోంది. నీళ్ళు నెమలికంఠం రంగులో ఉన్నాయి. హైమ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని చూస్తోంది.

"నోటుపుస్తకం ఏదీ?" అన్నాను.

"సంచిలో పెట్టేశానండీ."

"రాసుకోవచ్చుగా."

"వద్దులెండి. ఆవిడకి అనుమానం వస్తుంది. రేపు పైకి పోనివ్వకపోతే?"

ఆవిడ పాడటం కూడా మానేసింది. సరిగ్గా పాడకపోతే ఏం రాస్తారో అని భయం. మార్తా తన వైపు తిరిగినప్పుడు కాస్త నవ్వి, మళ్ళీ నెమ్మదిగా కూర్చునేది. అలా కూర్చోవడం నేనెరుగుదును. మా ట్రెజరీ బయట బల్ల మీద పెన్షనర్లు అలాగే కూర్చునేవాళ్ళు. లోపల్నుంచి చూసే అధికారికి కోపం రాకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని. ఆ సరస్సు ఎంత అందంగా ఉందో మీకు వర్ణించలేను. నేను దాన్ని చూడలేదు. నాలుగంగుళాల గడి నిండా నా తెలివితేటలు కుక్కి, ఆవిడ నోటుపుస్తకం మూయించానన్న సంగతే చూస్తూ కూర్చున్నాను. మార్తా రాసింది: "విచారముగా ఉన్నారు." ఆవిడ రాసినవాటిలో అదొక్కటే పూర్తిగా నిజం.

నాలుగో రోజు ఉదయం కొండ కింది స్టేషన్లో మండలి కూర్చుంది. ముగ్గురు సభ్యులు. మధ్యలో వాల్డెన్, అటొకరు ఇటొకరు తలలూపడానికి. కిటికీలోంచి ప్లాట్‌ఫాం మీద చిన్న ఎర్ర కొండ రైలు కనబడుతోంది. బయల్దేరడానికి ఇంకో నలభై నిమిషాలుంది.

నేను ఖాళీ చేతులతో వెళ్ళలేదు. ముందు రోజు సాయంత్రమే ఒక ఫైలు తయారుచేశాను. నేను ఐస్‌క్రీం తింటున్న ఫొటో, ఒక బాతు పక్కన నిలబడ్డ ఫొటో, "నేను ఉల్లాసముగా ఉన్నానని ఇందుమూలముగా ప్రమాణపూర్వకముగా ప్రకటించుచున్నాను" అనే కాగితం, కింద సంతకం, తేదీ.

వాల్డెన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటోలు చూశాడు. "ఐస్‌క్రీము తినుట కనబడుచున్నది. రుచించినట్లు కనబడుట లేదు. బాతు విషయమున, ఉల్లాసము బాతునందు ఉన్నది."

పక్కనున్నాయన తలూపాడు.

"ప్రమాణ పత్రమున్నది కదండీ," అన్నాను.

"ఉల్లాసముగా ఉన్న మనిషి ప్రమాణ పత్రము రాయునా?" అన్నాడు వాల్డెన్. మా ట్రెజరీలో నాకే ఈ ప్రశ్న తోచి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మండలి పక్క గదిలోకి వెళ్ళి పది నిమిషాలు చర్చించి వచ్చింది. వాల్డెన్ నిలబడి చదివాడు: "శ్రీమతి హైమవతి: ఉల్లాసము రుజువైనది. శ్రీ భుజంగరావు: ఉల్లాసం నిరూపించబడలేదు. కావున పాసు ఇరువురికినీ రద్దు."

హైమ ఒక్క క్షణం కిటికీలోంచి ఆ ఎర్ర రైలు వైపు చూసింది. తర్వాత సంచి భుజాన వేసుకుంది. "పోనీండి," అంది నాతో. "ఇక్కడిదాకా వచ్చాం. కింద నుంచి కొండ కనబడుతోందిగా, చాలు."

ఆవిడ "పోనీండి" అనడం నాకు కొత్త కాదు. కాపురానికొచ్చిన ఏడాది నుంచి వింటున్నాను. కాకపోతే ఎప్పుడూ ఏదో కాగితం చూసుకుంటూ వినేవాణ్ణి. ఈసారి చేతిలో కాగితం లేదు. ఆవిడ గొంతులో ఆ చివరి "చాలు" ఎంత సన్నగా ఉందో వినబడింది.

"ఒక్క నిమిషం," అన్నాను మండలితో. నిబంధనల పుస్తకం తీసి, నిలబడే పేజీలు తిప్పాను. జీవితంలో మొదటిసారి, ఒక కాగితాన్ని ఆపడానికి కాకుండా దాటించడానికి నిబంధన వెతుకుతున్నాను. అలవాటు లేక కొంచెం ఆలస్యమైంది.

"అయ్యా, ముప్పై మూడో నిబంధన. దంపతులలో ఒకరు ఏ కారణము చేతనైనను ప్రయాణికుడుగా ఉండుట విరమించుకొనిన యెడల, రెండవవారు అదే పాసుపై ప్రయాణించవచ్చును."

"నిజమే," అన్నాడు వాల్డెన్. "తమరు విరమించుకొని ఇక్కడనే కూర్చున్న యెడల వారు వెళ్ళవచ్చును."

"నేను ఒక్కదాన్నే వెళ్ళను," అంది హైమ, ఎప్పుడూ లేనంత గట్టిగా. "ఈయన రాకపోతే నేనూ కదలను. అదేదో నిబంధనలో రాసుకోండి."

నేను పేజీ తిప్పాను. "నలభై ఒకటో నిబంధన. ప్రయాణికుడు తనతో తెచ్చుకొను సామానునకు రుసుము లేదు. సామాను అనగా ప్రయాణికుని వెంట వచ్చునది, స్వయముగా ఉల్లాసము పొందనిది. ఇందులో సైకిళ్ళు, వాద్య పరికరములు, ఇతర పొడుగాటి వస్తువులు చేరును."

వాల్డెన్ పక్కవాళ్ళిద్దరూ తలలూపడం ఆపేశారు.

"నేను ఈవిడ వెంటే వచ్చానని మొదటి రోజే రాసిచ్చాను," అన్నాను. "ఉల్లాసం పొందనని మీరే మూడు రోజులు పరిశీలించి ఇప్పుడే తేల్చారు. పొడుగు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. నేను ఈవిడ సామానునండీ."

వాల్డెన్ కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని నలభై ఒకటో నిబంధన ఆసాంతం చదివాడు. చదవడం అయ్యాక లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నాకు చెయ్యి ఇచ్చాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ నా సర్వీసులో ఈ పుస్తకం ఇంత దూరం చదివినవాళ్ళు కనబడలేదండీ," అన్నాడు. ఆ మాట ఆఫీసు భాషలో అన్నట్టు లేదు.

వెంటనే సర్దుకుని, "అయితే ఒక షరతు," అన్నాడు. "ప్రయాణమందు సామానులో ఉల్లాసము కనిపించిన యెడల, అది సామాను కాదు, టికెట్ లేని ప్రయాణికుడు అగును. ఇద్దరినీ దించివేయుట జరుగును. కండక్టరు మార్తా గమనించెదరు."

నా కోటు గుండీకి దారంతో ఒక అట్ట ముక్క కట్టారు. "పొడుగాటి వస్తువు, ఒకటి" అని రాసి ఉంది. హైమను మొదటి పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నన్ను చివరనున్న సామాను పెట్టెలో, రెండు సైకిళ్ళకీ ఒక పెద్ద వాద్యపు పెట్టెకీ మధ్య నిలబెట్టి, మలుపుల్లో పడకుండా నడుముకి బెల్టు బిగించారు. సైకిళ్ళకి కూడా బిగించారు. భేదం చూపించలేదు.

రైలు పళ్ళచక్రాల మీద టకటకమంటూ ఎక్కింది. పెట్టెకి చిన్న కిటికీ ఒకటుంది. దానిలోంచి దేవదారు చెట్లు, ఆ పైన ఉత్త రాళ్ళు, ఆ పైన ఏమీ లేని తెలుపు వచ్చాయి. నాకు మొదటిసారి ఈ ప్రయాణం బాగుందనిపించింది. వెంటనే ముఖం సరిచేసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ ట్రెజరీ అనుభవం అక్కరకొచ్చింది.

పైన స్టేషన్ అంటే ఒక్క గది. సామాను చూసుకునే పని కూడా మార్తాదే. ఆవిడ నన్ను సైకిళ్ళతో పాటు దించి, గదిలో గోడవారగా నిలబెట్టి, "యజమాని వచ్చి తీసుకెళ్ళాలి," అని చెప్పింది. యజమాని రాలేదు. యజమాని రైలు దిగుతూనే మంచు వైపు పరుగులాంటి నడక నడిచింది. ఆ నొప్పుల మోకాళ్ళతో అలా నడవగలదని నాకు తెలీదు.

గది కిటికీలోంచి చూస్తున్నాను. కొండ కొండంతా గడ్డకట్టిన నది. నీలం పగుళ్ళు. నేలబారున మంచు తోసుకొచ్చి పడేసిన రాళ్ళ కుప్పలు. హైమ దాని ముందు ఆగింది. చెప్పులు లేని పాదాన్ని గుడిమెట్టు మీద పెట్టినంత మెల్లగా, ఒక అరచెయ్యి చాపి మంచు మీద ఆనించింది. అలా చాలాసేపు ఉంది. తర్వాత సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

కాసేపటికి పక్కనున్న ఎవరో ఏదో అడిగారు. ఆవిడ చెయ్యెత్తి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చారు. ఇంకో నలుగురు. చూస్తుండగా పాతికమంది దాకా గుమిగూడారు. ఆవిడ గొడుగు కొనతో రాళ్ళ కుప్పలు చూపిస్తోంది, పగుళ్ళు చూపిస్తోంది, మంచు ఎలా జరుగుతుందో రెండు చేతులతో చేసి చూపిస్తోంది. ఇక్కడికి మాటలు వినబడవు. వినబడకపోయినా ఏం చెబుతోందో నాకు తెలుసనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళు పక్క గదిలో పాఠం తయారు చేసుకుంటుంటే వినీ విననట్టు విన్నదే.

గంటన్నర గడిచాక మార్తా వచ్చింది. "మిమ్మల్ని ఎవరూ అడగలేదు," అంది. "నిబంధన ప్రకారం గంట దాటితే ఎవరూ తీసుకోని సామాను కింద రాయాలి."

"రాసుకోండి," అన్నాను. "ఆవిణ్ణి మాత్రం పిలవొద్దు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ నన్ను చూసింది. పుస్తకం తెరిచింది గానీ రాయలేదు.

ఆ తర్వాత హైమ తనే ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చింది. ముక్కు ఎర్రబడి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. "అయ్యో, మిమ్మల్ని మర్చేపోయానండీ!"

మార్తా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. "యజమాని అని నిర్ధారించుకోవాలి. సామానును వర్ణించండి."

హైమ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పొడుగ్గా ఉంటుందండీ. పాతది. పైకి బాగా గట్టిది."

"లోపల ఏముంది?"

హైమ ఆలోచించింది. "నా దగ్గరికొచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఇంకా పూర్తిగా విప్పి చూడలేదండీ," అంది.

నాకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. మార్తా పెన్సిలు పట్టుకుని నన్నే చూస్తోంది. ఊపిరి బిగబట్టి గోడ మీదున్న గడియారం కేసి చూస్తూ నిలబడ్డాను. హైమ సంతకం పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. రైలు వెళ్ళడానికి ఇంకో పావుగంటే ఉంది. ఆవిడ నన్ను మంచు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక చిన్న పలుకు విరిచి నా అరచేతిలో పెట్టింది. చెయ్యి తిమ్మిరెక్కేంత చల్లగా ఉంది.

"ఇది కొన్ని వందల ఏళ్ళ కిందట పడ్డ మంచండీ," అంది. "చూస్తే కదలనట్టే ఉంటుంది కదూ? కదులుతుంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచు మీద ఎండ గుచ్చుకుంటోందని చెప్పాను. సామాను కాబట్టి అంతకన్నా ఏమీ అనలేకపోయాను. ఈల వినబడింది. సైకిళ్ళతో పాటు నన్నూ ముందుగా ఎక్కించారు.

రైలు దిగడం మొదలుపెట్టాక, బెల్టు బిగించుకుని సైకిళ్ళ మధ్య నిలబడి ఉండగా, ఆవిడ మార్తాతో చెప్పిన ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి ఆపుకోవడం నా వల్ల కాలేదు. నవ్వాను. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత ఒళ్ళంతా. పక్కనున్న సైకిలు గంట దానంతటదే మోగింది. కోటుకున్న అట్ట ముక్క ఎగిరెగిరి పడుతోంది. నవ్వుతూ నవ్వుతూ తలెత్తేసరికి తలుపు దగ్గర మార్తా నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. చేతిలో పుస్తకం, వేళ్ళ మధ్య పెన్సిలు.

నా నవ్వు అక్కడికక్కడ ఆగిపోయింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

ముందు పెట్టెలోంచి ఎవరో, "అక్కడ ఆ చప్పుడేమిటి?" అని కేకేశారు.

మార్తా పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది.

"ఏం లేదు," అంది వెనక్కి తిరిగి. "మలుపులో సామాను కదిలింది."

తలుపు మెల్లగా మూసింది.